అమ్మవారిని ఎంత తోమాలి?

వారం వారం చింతపండు, ఇటుక పొడి వేసి తోమే ఇళ్లలో ఇత్తడి లక్ష్మీదేవి విగ్రహాన్ని కొన్నేళ్ల తరువాత దగ్గరగా చూడండి. ముందు ముక్కుపుడక మాయమవుతుంది. ఆ తరువాత కనురెప్పల గీత, పెదవుల అంచు, మెడలో హారాల వరసలు. చేతిలోని తామర రేకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పువ్వో మొగ్గో తెలియకుండా పోతుంది. విగ్రహం మాత్రం ధగధగ మెరుస్తూనే ఉంటుంది.

మన చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో శుక్రవారం పూజ ఉంటే గురువారమే తోముడు పని ముగించడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. శుక్రవారం విగ్రహాలు తోమకూడదని పెద్దవాళ్లు చెబుతారు. శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతం, దసరా, దీపావళి వస్తే ఆ పని రెట్టింపవుతుంది. అంత శ్రద్ధగా చూసుకుంటున్నా అమ్మవారి ముఖం అరిగిపోతున్నదంటే లోపం భక్తిలో లేదు, తోమే పద్ధతిలో ఉంది. నలుపు వల్ల ఇత్తడికి జరిగే నష్టం చాలా తక్కువ. ఆ నలుపును పోగొట్టే తీరులోనే అసలు నష్టం జరుగుతున్నది. ఇది ఎందుకో, మరి ఏం చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇత్తడి ఎందుకు నల్లబడుతుంది?

ఇత్తడి రాగి, జింకు కలిసిన లోహం. జింకు తక్కువైతే ఎర్రగా, మూడో వంతుకు దగ్గరైతే బంగారు పసుపు రంగులో ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్, తేమ తగిలి పైపొర మెల్లగా ఆక్సైడుగా మారుతుంది. మొదట మెరుపు తగ్గి తేనెరంగుకు వస్తుంది, తరువాత గోధుమరంగు, చివరికి నలుపు. గాలిలో గంధకం ఉంటే ఈ మార్పు ఇంకా త్వరగా జరుగుతుంది. దీపం మసి, కర్పూరం పొగ, అగరుబత్తి పొగ నూనెజిడ్డుతో కలిసి ఆ రంగును ముదురు చేస్తాయి.

ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ ఆక్సైడు పొర ఇనుము తుప్పులా పెచ్చులూడి లోపలికి తొలుచుకుపోదు. లోహానికి అంటిపెట్టుకుని, కింది ఇత్తడికి గాలి తగలకుండా అడ్డం నిలుస్తుంది. అందుకే పొర ముదిరిన కొద్దీ నల్లబడే వేగం తగ్గుతుంది. మ్యూజియంలలో పాత లోహ విగ్రహాలు ముదురు రంగులో ఉంటే అది పట్టించుకోకపోవడం వల్ల కాదు. ఆ పొరను కావాలనే అలా ఉంచుతారు.

మరి చింతపండు రుద్దగానే మెరుపు ఎలా వస్తుంది? రెండు రోజులకే మళ్లీ ఎందుకు మాసిపోతుంది?

చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం ఉన్నాయి. టమాటాతో తోమినా జరిగేది ఇదే, పులుపు పని. రాగి ఆక్సైడు ఈ ఆమ్లాలలో ఇట్టే కరిగిపోతుంది. ఉప్పు కలిపితే ఇంకా త్వరగా కరుగుతుంది. అందుకే రుద్దిన చోటల్లా కళ్లముందే నలుపు పోయి బంగారు రంగు బయటపడుతుంది. మొదటి ఒకటి రెండు నిమిషాల్లో జరిగేది ఇది, ఇంతవరకు బాగానే ఉంది.

నలుపు కరిగిపోయాక కూడా ఆమ్లం ఊరుకోదు. రాగి పలుచని ఆమ్లాలను చాలావరకు తట్టుకుంటుంది, జింకు తట్టుకోలేదు. రాత్రంతా చింతపండు గుజ్జు పూసి ఉంచినా, నిమ్మరసంలో నానబెట్టినా పైపొరలోని జింకు ముందుగా కరిగిపోతుంది, రాగి మిగిలిపోతుంది. తెల్లారి చూస్తే విగ్రహం మీద గులాబీ రంగు మచ్చలు కనబడతాయి. ‘ఇత్తడిలో కల్తీ ఉంది, దుకాణంవాడు మోసం చేశాడు’ అని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది కల్తీ కాదు, జింకు కోల్పోయి బయటపడిన రాగి. ఆ మచ్చ పోవాలంటే ఆ పొర మొత్తాన్ని గీకేయాలి, అంటే ఇంకొంచెం అమ్మవారిని గీకేసినట్టే.

మళ్లీ త్వరగా మాసిపోవడానికి రెండు కారణాలున్నాయి. ఆమ్లం తిన్న లోహం పైకి నున్నగా కనిపించినా సూక్ష్మంగా గరుకుబారి ఉంటుంది కాబట్టి గాలికి ఎక్కువ చోటు దొరుకుతుంది. రెండోది, చీర కుచ్చిళ్ల మడతల్లో, వేళ్ల సందుల్లో పులుపు, ఉప్పు పూర్తిగా పోకుండా మిగిలిపోతాయి. పైకి ఆరినట్టు కనిపించినా లోపల పని సాగుతూనే ఉంటుంది. తోమగానే నల్లబడింది కదా అని మళ్లీ తోమితే ఈ చక్రానికి అంతు లేదు.

ఇటుక పొడి, బూడిద, ఇసుక, స్టీలు పీచు సంగతి వేరు. పులుపు కరిగిస్తే ఇవి గీస్తాయి. బూడిదలోని క్షారం జిడ్డును విడగొడుతుంది, అది మంచి గుణమే. కానీ అందులోని గరుకు రేణువులు లోహాన్ని కూడా లాగేస్తాయి. బోనం బిందెను, సర్వను, గంగాళాన్ని మీ ఇష్టం వచ్చినట్టు తోమండి. బిందెకు ముక్కు లేదు, కళ్లు లేవు. విగ్రహాన్ని బిందెలా తోమడమే మనం మానుకోవలసింది.

ముఖం అంత త్వరగా ఎందుకు అరుగుతుంది?

పోత విగ్రహం తయారీ తెలిస్తే ఇది అర్థమవుతుంది. ముందు మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి, కాల్చి మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోసే పద్ధతిని కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రాయించిన ‘మానసోల్లాసం’ వివరిస్తుంది. లోహం చల్లారి మట్టి పగలగొట్టాక విగ్రహం ఇంకా మొద్దుగానే ఉంటుంది. నగల వరసలు, జడ అల్లిక, వేళ్ల గోళ్లు ఆ తరువాత ఉలితో తీర్చేవి. కళ్లు చివర తెరుస్తారు, దానికి ప్రత్యేకంగా నేత్రోన్మీలనమనే సంస్కారమే ఉంది. అంటే మనం చూసి దండం పెట్టుకునే రూపమంతా పైపైన ఉలి గీసిన సన్నని గీతల్లోనే ఉంటుంది. గరుకు పొడి మొదట తాకేది ఎత్తుగా ఉన్న ముక్కును, చెంపలను, ముందుకు చాచిన చేతులను.

చిన్న వివరం పోతే ఏమవుతుందని కొందరికి అనిపించవచ్చు. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడినే తీసుకోండి. అక్కడ అమ్మవారిని 1963లో ప్రతిష్ఠించారు. అంతకుముందు ఏడాదే చైనా దండయాత్ర జరిగింది, ఆ గండం గడిచినందుకు గుర్తుగా ఆమెకు రాజ్యలక్ష్మి అని పేరు పెట్టారు. ఆ తల్లి మూడు చేతుల్లో తామరలు ఉంటాయి, నాలుగో చెయ్యి పాదాల వైపు చూపిస్తూ శరణాగతిని చెబుతుంది. ఆమె ఎవరో, ఏం చెబుతున్నదో మనకు తెలిసేది ఆ వేళ్ల తీరును బట్టే. మన ఇంట్లో నాలుగంగుళాల లక్ష్మికి అభయ హస్తం, వరద హస్తం ఉంటాయి. ఆ వేళ్లు అరిగి మొండిబారితే అభయం ఏదో వరదం ఏదో గుర్తుపట్టలేం. నాకు ఇది చిన్న విషయంగా తోచదు.

పచ్చగా పట్టేది ఏమిటి? అది కూడా వదిలేయవచ్చా?

వదిలేయకూడదు. నలుపుకు, పచ్చ చిలుముకు చాలా తేడా ఉంది. చిలుములోనూ రెండు రకాలున్నాయి. ఒకటి జిగటగా, మైనంలా మడతల్లో పేరుకునేది. దీపం నూనె, నెయ్యి, అభిషేకం పాల కొవ్వు పాతబడి ఆమ్లాలుగా మారి రాగితో కలిసినప్పుడు ఇది పుడుతుంది. మెరుపు కోసం కొబ్బరినూనె రాసి ఉంచిన విగ్రహాలకు కూడా కొన్నాళ్లకు ఇదే పడుతుంది. రాతి విగ్రహానికి తైలం రాసే అలవాటును ఇత్తడికి తెచ్చుకోవడం అందుకే మంచిది కాదు. ఈ జిగట చిలుము చూడటానికి అసహ్యంగా ఉన్నా కుంకుడుకాయ రసానికి, గోరువెచ్చని నీటికి మెత్తబడి వచ్చేస్తుంది.

రెండోది పొడిపొడిగా, లేత ఆకుపచ్చ చుక్కలుగా, వేలితో తడితే రాలేది. ఇది ఉప్పు వల్ల వస్తుంది. ఉప్పులోని క్లోరైడు రాగితో కలిసి, తేమ తగిలినప్పుడల్లా మళ్లీ మళ్లీ లోహాన్ని తింటూ పోతుంది. ఒకసారి తుడిచినా అదే చోట మళ్లీ లేస్తుంది. భూమిలో ఉప్పు మట్టిలో పడి ఉన్న పాత కంచు విగ్రహాలకు ఇదే జబ్బు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో 1930 దశకంలో ఎస్. పరమశివన్ విద్యుత్ ప్రవాహంతో అలాంటి విగ్రహాలను బాగుచేసే పద్ధతిని మన దేశంలో నిలబెట్టారు. మన ఇంటి విగ్రహానికి ఈ జబ్బును తెచ్చిపెట్టేది చాలాసార్లు మనం వేసే ఉప్పే. బాత్రూం కడిగే యాసిడ్‌తో విగ్రహాలు తోమేవాళ్లు కూడా ఉన్నారు. అందులో ఉండేది సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. క్షణంలో తళతళ మెరుస్తుంది, ఆ క్లోరైడు మాత్రం సన్నని రంధ్రాల్లో దాక్కుని ఏళ్ల తరబడి తింటుంది. దయచేసి ఆ పని చేయకండి.

మా వైపు ప్రత్యేకంగా చూసుకోవలసినవి ఏమన్నా ఉన్నాయా?

ఉన్నాయి. మొదటిది పూలు. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల పూలతోటలు ఎక్కువ, తోట నుంచి తెచ్చిన గులాబీ తిన్నగా అమ్మవారి మెడలోకి వెళుతుంది. గులాబీకి బూడిద తెగులు రాకుండా గంధకం మందు చల్లుతారు. ఆ పొడి ఇత్తడికి తగిలిన చోట నల్లని మచ్చ పడుతుంది. పూలను ఒకసారి మంచినీళ్లలో జాడించి, నీళ్లు కారిపోయాక పెట్టండి. తడి బంతిదండను రాత్రంతా విగ్రహం మీద వదలకండి. వాడిన పువ్వు కింద తేమ, పువ్వులోని ఆమ్లాలు కలిసి దండ ఆకారంలోనే చార పడుతుంది.

రెండోది కోళ్ల ఫారం, గొడ్ల కొట్టం. వాటి నుంచి వచ్చే ఘాటైన వాసన అమోనియాది. ఇత్తడికి అమోనియా అంటే అసలు పడదు. బ్రిటిషు కాలంలో మన దేశంలోనే సైన్యం ఇత్తడి తూటా గొట్టాలను గుర్రపుశాలల దగ్గర నిల్వ చేస్తే వానాకాలంలో అవి వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియాయే కారణమని మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే శాస్త్రవేత్తలు 1921లో వివరించారు. సుత్తితో కొట్టి, లాగి చేసిన వస్తువుల్లో లోహం లోపల బిగువు నిలిచి ఉంటుంది, దానికి అమోనియా, తేమ తోడైతే పగులు వస్తుంది. పోత విగ్రహానికి ఆ ప్రమాదం తక్కువ. రేకుతో చేసిన కవచాలకు, చెంబులకు, వరలక్ష్మి కలశానికి పెట్టే అమ్మవారి ముఖాలకు ఎక్కువ. కొట్టం వైపు కిటికీ ఉన్న దేవుడి అర్ర అయితే వానాకాలంలో ఆ కిటికీ మూసి ఉంచండి. నేల తుడిచే మందుల్లో, అద్దాలు తుడిచే మందుల్లో కూడా కొన్నిట అమోనియా ఉంటుంది, వాటితో విగ్రహాన్ని తుడవవద్దు.

మూడోది బోరు నీళ్లు. గట్టి నీళ్లతో కడిగి అలాగే ఆరనిస్తే తెల్లని సున్నపు మచ్చలు మిగులుతాయి. చాలామంది వాటిని చిలుమనుకుని మళ్లీ నిమ్మకాయ అందుకుంటారు. చివరి జాడింపు తాగేనీళ్లతో చేసి, ఆరేలోపే తుడిచేస్తే ఆ మచ్చే రాదు.

మరి ఎలా కడగాలి?

రోజూ పొడి నూలుగుడ్డతోనో మెత్తని కుంచెతోనో దుమ్ము దులిపితే చాలు. కుంకుమ, పసుపు, గంధం ముందురోజువి తీసేసి కొత్తవి పెట్టండి, పొర మీద పొర పేర్చకండి. తడి గంధం కింద ఇత్తడి ఊపిరాడనట్టు నానుతూ ఉంటుంది.

వారానికోసారో, పండగ ముందురోజో కడగాలనుకుంటే నాలుగైదు కుంకుడుకాయలు గింజ తీసి, వేడినీళ్లలో నానబెట్టి పిసకండి. ఆ రసం చాలు. కుంకుడు దొరకకపోతే ఘాటులేని సబ్బునీళ్లు వాడవచ్చు. విగ్రహాన్ని సింకులో కాకుండా ప్లాస్టిక్ టబ్బులో మెత్తని గుడ్డ పరిచి దాని మీద పెట్టండి, సింకులో జారిపడితే విగ్రహం వేళ్లు విరుగుతాయి. గోరువెచ్చని రసంతో తడిపి ఐదు నిమిషాలు ఆగితే జిడ్డు వదులవుతుంది. చంటిపిల్లల పళ్ల బ్రష్‌తో మడతల్లో తిప్పండి. మడతల్లో మొండి మురికి ఉంటే చీపురుపుల్లకు దూది చుట్టి తీయండి, పిన్నీసు వాడకండి. ముఖం మీద బ్రష్ కూడా అక్కర్లేదు, వేలికి గుడ్డ చుట్టుకుని తుడిస్తే సరిపోతుంది. బాగా జాడించి, పాత నూలు పంచెతో ఒత్తి తుడవండి. రుద్దుడు కాదు, ఒత్తుడు.

ఆరబెట్టడమే అసలు పని, తొందరపడకూడనిది కూడా అదే. పీఠం గుల్లగా ఉంటే తలకిందులుగా పట్టి లోపలి నీళ్లు కారనివ్వండి. గుల్ల పోత విగ్రహాల్లో లోపల పోత మట్టి మిగిలి ఉండవచ్చు, అది నీళ్లు పీల్చుకుంటే నెలల తరబడి తడిగానే ఉండి లోపలినుంచి తింటుంది. కాసేపు లేత ఎండలో పెట్టండి, లేదా జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని చల్లగాలి మీద పెట్టి మడతల్లోకి తిప్పండి. పూర్తిగా ఆరిందని తేలాకే బొట్టు పెట్టండి.

మెరుపు కావాలని మనసు పడితే ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు చేయండి. అప్పుడు కూడా ఉప్పు లేకుండా, చింతపండు పలుచని రసంలో గుడ్డ ముంచి ఒక్కో భాగం తుడుస్తూ, రంగు తేలగానే ఆపేయండి. నానబెట్టవద్దు. వెంటనే జాడించి, లీటరు నీళ్లలో చెంచాడు తినే సోడా కలిపి ఒకసారి ముంచి, మళ్లీ మంచినీళ్లతో కడిగితే మిగిలిన పులుపు విరుగుతుంది. అంగట్లో దొరికే పీతాంబరి వంటి పొడులు కూడా ఇదే లెక్క, పళ్లాలకు, కుందులకు సరే గానీ విగ్రహం ముఖానికి వద్దు. ఆ కడిగిన నీళ్లలో రాగి కరిగి ఉంటుంది, తులసికోటలోనూ చేపల తొట్టిలోనూ పోయకండి.

అభిషేకం చేయవచ్చా?

నిరభ్యంతరంగా చేయవచ్చు. పెరుగు, తేనె పుల్లనివి, పాలు నిలవుంటే పులుస్తాయి, నెయ్యి జిడ్డు. కాబట్టి అభిషేకం అయిన వెంటనే, హారతి కన్నా ముందే, గోరువెచ్చని నీళ్లతో శుద్ధోదక స్నానం చేయించి తుడిచేయాలి. పద్ధతి ప్రకారం కూడా పంచామృతం తరువాత శుద్ధజలమే కదా. తీర్థం విషయంలో మాత్రం జాగ్రత్త. పోత ఇత్తడిలో సులువుగా పోసేందుకు, చెక్కేందుకు సీసం కలపడం మామూలు. పులుపు తగిలితే రాగితో పాటు ఆ సీసం కూడా కొంత దిగుతుంది. పెరుగు, నిమ్మ ఇత్తడి పాత్రల్లో నిలవుంచకూడదని, వంట గిన్నెలకు కళాయి పూయించాలని పెద్దలు పట్టుబట్టింది ఇందుకే. పంచామృతాన్ని ఇత్తడి పళ్లెంలో ఉండనివ్వకుండా వెంటనే స్టీలు లేదా వెండి గిన్నెలోకి తీయండి. పసిపిల్లలున్న ఇంట్లో అయితే పిల్లలకు ఇచ్చే పంచామృతాన్ని వేరేగా కలిపి నైవేద్యం పెట్టడం మేలు.

కొత్త విగ్రహం కొనేటప్పుడు ఏం చూడాలి?

పట్నం వెళ్లి బేగంబజార్‌లో కొన్నా, ఊళ్లో అంగట్లో కొన్నా వెంట చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. అతుక్కుంటే లోపల ఇనుము. అతుక్కోకపోయినా ఇత్తడేనని కాదు, అల్యూమినియం కూడా అతుక్కోదు. గట్టి పోత విగ్రహమైతే బరువు పట్టిస్తుంది. నిండా నీళ్లున్న గిన్నెలో ముంచితే పొర్లిన నీళ్లు వంద మిల్లీలీటర్లయితే ఇత్తడి విగ్రహం దాదాపు 850 గ్రాములు తూగాలి, అల్యూమినియమైతే 270 దాటదు.

తరువాత అడగవలసింది పైన లాకర్ (సన్నని పారదర్శక వార్నిషు) పూత ఉందా అని. ఉంటే ఆ పూతే నల్లబడకుండా కాపాడుతుంది, తడిగుడ్డ తప్ప ఏదీ వాడనక్కర్లేదు. అలాంటి విగ్రహానికి చింతపండు పెడితే పూత అక్కడక్కడ లేచి, లేచిన చోటే నల్లబడి మచ్చల మచ్చలుగా తయారవుతుంది. రంగురాళ్లు జిగురుతో అతికించిన విగ్రహాన్ని నీళ్లలో ముంచవద్దు. కావాలని ముదురు రంగు వేసిన ‘యాంటిక్’ విగ్రహాన్ని తోమితే ఆ రంగు పోతుంది, మళ్లీ రాదు.

రేకు పని వేరే జాతి. జనగామ జిల్లా పెంబర్తి కళాకారులు పలుచని ఇత్తడి రేకును లక్క మీద పరిచి, సుత్తీ ఉలీతో ఉబ్బెత్తుగా రూపం తీస్తారు. గుళ్లలో కవచాలు, తాపడాలు అలాంటి పనితనమే. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రేకు అంత పలుచన కాబట్టి దానికి గరుకు పొడి తగలనే కూడదు.

తాతల నాటి విగ్రహం ఉంది, పాలిష్ పట్టించవచ్చా?

వద్దు. మోటారు బఫ్ చక్రం ఒక్క పూటలో తీసేసేంత లోహాన్ని మీ ఇంటి చేతితోముడు ఏళ్లలో కూడా తీయలేదు. కుంకుడు రసంతో జిడ్డు తీసి, రంగును అలాగే ఉండనివ్వండి. చెయ్యి విరిగితే అతికించవచ్చా, కరిగించి మళ్లీ పోత పోయించాలా అన్నది పూజారిని అడిగి, పోత పని తెలిసిన కంచరితో చేయించండి. అరిగిపోయిందని గండిపేటలోనో హిమాయత్‌సాగర్‌లోనో మాత్రం వదలకండి, అవి పట్నం తాగే నీళ్లు.

విగ్రహం నూరేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దాన్ని పురావస్తు శాఖ దగ్గర నమోదు చేయించాలి, దేశం దాటించకూడదు. పొలం దున్నుతున్నప్పుడో పునాది తవ్వుతున్నప్పుడో దొరికితే ఇంకో మాట. మన నేలలో పాతవి బయటపడటం కొత్త కాదు, మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలోనే జైన తీర్థంకరుల శిల్పాలున్న రాతి స్తంభాలు 2023లో వెలుగులోకి వచ్చాయి. అలా దొరికిన లోహ విగ్రహాన్ని కడగవద్దు, ఆ మట్టిని కూడా దులపవద్దు. అది ఎన్నేళ్లనాటిదో, ఎలా భూమిలోకి చేరిందో చెప్పే ఆనవాళ్లు ఆ మట్టిలోనూ ఆ చిలుములోనూ ఉంటాయి. దొరికిన చోటును ఫోటో తీసి పెట్టుకుని, తహసీల్దారుకు తెలపండి. 1878 నుంచి ఉన్న నిధి నిక్షేపాల చట్టం ప్రకారం ఆ సంగతి కలెక్టరు దాకా చేరాలి. అధికారులు వచ్చేదాకా పొడి నూలుగుడ్డలో వదులుగా చుట్టి నీడలో ఉంచండి, న్యూస్‌పేపర్‌లో చుట్టకండి, రబ్బరు బ్యాండు వేయకండి. కాగితంలో ఆమ్లం, రబ్బరులో గంధకం ఉంటాయి.